రిమ్‌లకు నల్లపొడి పట్టకుండా ఉండాలంటే ఏ బ్రేక్ ప్యాడ్లు వేయాలి?

పాలమూరు చెలక దుమ్ము ఎర్రగా ఉంటుంది, నీళ్లు కొడితే పోతుంది. ముందు రిమ్‌లకు నల్లగా పట్టి షాంపూకు కూడా సరిగా వదలనిది బ్రేక్ పొడి. అందులో ప్యాడ్ పొడితో పాటు డిస్క్ నుంచి అరిగిన ఇనుము ఉంటుంది. తడి తగిలితే ఆ ఇనుమే తుప్పుపట్టి రిమ్ పెయింటును పాడుచేస్తుంది.

ప్యాడ్లు కొనే ముందు చక్రాలు పోల్చి చూడండి. బ్రేక్ భారం ఎక్కువగా ముందు పడుతుంది కాబట్టి ముందు రెండూ ఒకే తీరుగా నల్లబడితే అది ప్యాడ్ రకం వల్లే. ఒక్క పక్కే ఎక్కువైతే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) జరిగే పిన్నో, ప్యాడ్‌ను నెట్టే పిస్టనో బిగుసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా ఫలితం ఉండదు. పిన్ను తీసి, తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజుకు పిన్ను మీది రబ్బరు తొడుగు ఉబ్బిపోతుంది.

సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు పీచు ఉంటుంది. వేడిని బాగా తట్టుకుంటాయి గానీ డిస్క్‌ను ఎక్కువ తింటాయి, పొడీ ఎక్కువే. సిరామిక్ పొడి తక్కువ, రంగు లేత, రిమ్‌కు అంతగా అతుక్కోదు. ధర మాత్రం ఎక్కువ. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తన, చప్పుడు చేయవు, కానీ బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. డబ్బా మీద సిరామిక్ అని ఉంటే నమ్మేయకండి. రాపిడి ముఖాన్ని వెలుతురులో చూడండి: ఉక్కు పోగులు మెరుస్తుంటే అది పేరుకే సిరామిక్.

ప్యాడ్ వెనుక గానీ అంచున గానీ ఎఫ్‌ఎఫ్ (FF), జీఎఫ్ (GF) లాంటి రెండక్షరాల కోడ్ వెతకండి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. E అక్షరం ఉంటే రాపిడి గుణకం (పట్టు కొలత) 0.25–0.35, F ఉంటే 0.35–0.45. పొడి ఎంతొస్తుందో ఈ కోడ్ చెప్పదు. నల్లగొండ టౌన్లో, హైవే మీద తిరిగే కారుకు మంచి సిరామిక్ చాలు. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు నిండు బండితో తరచూ దిగేవాళ్లు రెండో అక్షరం E ఉన్న ప్యాడ్ తీసుకోవద్దు. ఆ దిగుడులో రిమ్ అందం కంటే బ్రేక్ ముఖ్యం. చిన్న గేరులోనే దిగండి, ప్యాడ్ అరుగుదల కూడా తగ్గుతుంది.

ప్యాడ్ రాపిడి పొర మందం 3 మి.మీ.కు వస్తే ఎడమ, కుడి రెండూ కలిపి మార్చాలి. డిస్క్ మందం దాని మీద చెక్కిన కనీస అంకె కంటే తక్కువుంటే డిస్క్ కూడా మార్చాల్సిందే. పాత పొడిని కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది; తడిపి తుడిపించండి. పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా చూడాలి, అది పడితే పెయింటు లేచిపోతుంది. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి.

తర్వాత కొత్త ప్యాడ్ డిస్క్‌కు కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, అర నిమిషం తేడాతో పదిసార్లు తగ్గించండి. మొదటి కొద్ది రోజులు కొత్త ప్యాడ్ కూడా పొడి ఎక్కువే రాలుస్తుంది.