వర్చువల్ మెషీన్‌కు మారని ఐపీ

రాయగడ, పర్లాకిమిడి వైపు దుకాణాల్లో బిల్లింగ్ సర్వర్ వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే, కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి వేరే ఐపీ (నెట్‌వర్క్‌లో యంత్రం చిరునామా) ఇవ్వొచ్చు. కౌంటర్ కంప్యూటర్లకు సర్వర్ దొరకదు.

ముందు వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో న్యాట్ (వర్చువల్ మెషీన్‌ను అసలు కంప్యూటర్ వెనక దాచేది) ఉంటే తీసి బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ (దాన్ని నేరుగా రౌటర్ నెట్‌వర్క్‌లో కలిపేది) పెట్టండి. వీలైతే కేబుల్ మీదే. కొన్ని వైఫై కార్డుల్లో బ్రిడ్జ్ సరిగా పనిచేయదు.

రౌటర్ డీహెచ్‌సీపీ (ఐపీలను తనంతట తానే పంచే పద్ధతి) 192.168.1.100 నుంచి 192.168.1.200 దాకా పంచుతుంటే మీరు 192.168.1.50/24 (/24 అంటే మొదటి మూడు సంఖ్యలు నెట్‌వర్క్‌వి) తీసుకోండి. ఆ పరిధి లోపలిది పెడితే ఒకే ఐపీ రెండు యంత్రాలకు పడి కనెక్షన్ వస్తూ పోతూ సతాయిస్తుంది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

వర్చువల్ మెషీన్‌లో ఉన్నది ఉబుంటు అయితే, అందులో నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండే) ఫైల్ తెరిచి డీహెచ్‌సీపీ ఆపి, అడ్రస్, గేట్‌వే (రౌటర్ ఐపీ, సాధారణంగా 192.168.1.1), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) రాయండి. వరుసలు లోపలికి జరపడానికి ట్యాబ్ కొట్టొద్దు, స్పేస్‌లే. తర్వాత 'sudo netplan try' కమాండ్ ఇవ్వండి: 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగే తిరిగొస్తుంది.