కారు మరమ్మతు నేర్చుకుందాం - 3: పాత డ్రైవ్ షాఫ్టు కొనడం

డ్రైవ్ షాఫ్టు అంటే గేర్‌బాక్సు నుంచి చక్రానికి శక్తిని అందించే కడ్డీ, దాని రెండు కొసలా వంగే జాయింట్లుంటాయి. గత భాగంలో శబ్దాన్ని బట్టి ఏ జాయింటు అరిగిందో గుర్తుపట్టాం. మలుపు తిప్పినప్పుడు టకటకమంటే చక్రం వైపుది (బయటి జాయింటు), వేగం అందుకునేటప్పుడు బండి వణికితే చాలావరకు గేర్‌బాక్సు వైపుది (లోపలి జాయింటు). ఇప్పుడు దుకాణానికి వెళదాం. ఇంజను శక్తి ముందు చక్రాలకు అందే కార్లకే ఈ పాఠం.

బయలుదేరే ముందు, ఊడదీసిన షాఫ్టును గోనెపట్టాలో చుట్టి వెంట పెట్టుకోండి. కర్నూలులోనైనా కడపలోనైనా పాత సామాన్ల దుకాణంలో కారు పేరు చెప్పగానే ఒక షాఫ్టు చేతికిస్తారు. ఆ పేరొక్కటే నమ్మకండి. ఒకే పేరున్న కారులో పెట్రోలుకూ డీజిలుకూ, మామూలు గేర్లకూ ఆటోమేటిక్‌కూ షాఫ్టు మారవచ్చు. కుడి ఎడమలకు పొడవు కూడా సాధారణంగా వేరుగా ఉంటుంది.

అనంతపురంలో నేను పాత షాఫ్టు ఇంట్లో వదిలేసి, మోడలు చెప్పి ఒకటి కొన్నాను. రెండు కొసలూ చక్కగా అమరాయి. బండి కదిలిన కొద్దిసేపటికే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం వెలిగింది, ఇక ఆరలేదు. బయటి జాయింటు చుట్టూ ఉండవలసిన పళ్ల రింగు దానికి లేదు. మా కారులో సెన్సారు ఆ పళ్లను బట్టే చక్రం వేగం తెలుసుకుంటుంది. పని మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకు ముందు ఒకే పేరుతో అది ఉన్నవీ లేనివీ అమ్ముడయ్యాయి. కొన్ని కార్లలో ఈ రింగు హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగులోనే ఉంటుంది కాబట్టి ముందు మీ షాఫ్టును చూడండి. రింగు ఉంటే దాని పళ్లు కూడా లెక్కపెట్టండి.

ఇక అసలు లెక్క. షాఫ్టు రెండు కొసలా గాడి పళ్లుంటాయి. ఒక పంటి మీద సుద్దతో గీత గీసి, అక్కడి నుంచి చుట్టూ లెక్కించి మళ్లీ గీత దగ్గరికి రండి. రెండుసార్లు లెక్కించండి. పాతదానికీ కొనబోయేదానికీ ఒక్క పన్ను తేడా ఉన్నా పక్కన పెట్టేయండి. "సుత్తితో కొడితే దిగుతుంది" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. దెబ్బకు హబ్బు గాళ్లు పాడైతే నష్టం షాఫ్టుతో ఆగదు.

పొడవు కొలిచేటప్పుడు చాలామంది పొరబడతారు. లోపలి జాయింటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అందుకే రెండు షాఫ్టులకూ దాన్ని లోపలికి పూర్తిగా నెట్టి, పక్కపక్కన నేలమీద పడుకోబెట్టి పోల్చండి. లాగి కొలవకండి, లోపలి మూడు రోలర్లు గూటి నుంచి జారిపోవచ్చు.

తర్వాత ఆరోగ్యం చూడాలి. బయటి జాయింటును బాగా వంచి నెమ్మదిగా తిప్పండి. చేతికి గరగరమని తగిలితే వద్దు. జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగిన షాఫ్టు ధర ఎంత తగ్గించినా నేను తీసుకోను. మన దారుల్లో దుమ్ము ఎక్కువ. చిరుగులోంచి గ్రీజు బయటికి, మట్టి లోపలికి పోయి ఉక్కు గోళాలు, అవి దొర్లే గాళ్లు అరిగి గుంటలు పడి ఉంటాయి. కొత్త బూటు వేసినా ఆ గుంటలు పూడవు. గేర్‌బాక్సు ఆయిల్ సీలు ఒరిసే నున్నటి పట్టీని గోటితో గీకి చూడండి. గోరు తట్టుకునేంత గీత గానీ తుప్పు గుంట గానీ ఉంటే అక్కడ ఆయిలు కారుతుంది. చక్రం వైపు మరల మీద సుత్తి దెబ్బలున్నాయేమో కూడా చూసుకోండి.

బిగించాక సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో డబ్బు ఇవ్వకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు కొత్త ఆయిల్ సీలు, కొత్త హబ్బు నట్టు, మీ కారుకు తగిన గేరు ఆయిలు కొనండి. షాఫ్టు లాగగానే పాత ఆయిలు కొంత కారిపోతుంది. వచ్చే భాగంలో బిగింపు మొదలుపెట్టేటప్పటికి ఇవన్నీ చేతి దగ్గర ఉండాలి.