ఐఫోన్‌లో గూగుల్ యాప్స్: కాంటాక్టుల దగ్గరే అసలు చిక్కు

ఐఓఎస్ 18.2 నుంచి సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరిస్తే బ్రౌజర్‌ని క్రోమ్‌కి, మెయిల్‌ని జీమెయిల్‌కి మార్చేయొచ్చు. ముందే ఇన్‌స్టాల్ చేసి ఉండాలి, లేకపోతే జాబితాలో కనిపించవు. ఇది రెండు నిమిషాల పని.

నాకు తేడా కొట్టింది కాంటాక్టుల్లో. గూగుల్ అకౌంట్ కలిపాక కూడా కొత్త నంబర్లు ఆపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లోకే పోతున్నాయి. కారణం, యాప్స్‌లోని కాంటాక్ట్స్‌లో ‘డిఫాల్ట్ అకౌంట్’ ఐక్లౌడ్ మీదే ఉండిపోవడం. దాన్ని జీమెయిల్‌కి మార్చాను. క్యాలెండర్‌కీ ఇలాంటి సెట్టింగే విడిగా ఉంది, మర్చిపోవద్దు.

పాత నంబర్లు మాత్రం వాటంతట అవి కదలవు. కంప్యూటర్‌లో ఐక్లౌడ్ సైట్ తెరిచి, కాంటాక్టులన్నీ ఎంచుకుని వీకార్డ్‌గా, అంటే కాంటాక్టుల ఫైల్‌గా, ఎగుమతి చేసి, గూగుల్ కాంటాక్ట్స్‌లో ఇంపోర్ట్ చేయాలి. రెండుచోట్లా లెక్క సరిపోయాకే ఐక్లౌడ్ కాంటాక్ట్స్ స్విచ్ ఆపండి. ఆపకపోతే ఒకే పేరు రెండు అకౌంట్లలో ఉండిపోతుంది, ఒకచోట దిద్దితే రెండోచోట పాత నంబరే ఉంటుంది.