మెట్లబావి పూడిక తీయించే ముందు

ఊళ్లో పాత మెట్లబావిని బాగుచేద్దామనగానే చందాలు పోగవుతాయి, పొక్లెయిన్ దిగుతుంది, నెల తిరిగేసరికి గోడలకు సిమెంటు పూత, దాని మీద రంగులు. వందల ఏళ్లు నిలిచిన బావి ఎక్కువగా చెడేది ఈ నెలలోనే. కాబట్టి ముందు కాగితాలు, తర్వాతే గడ్డపార.

పాత పహాణీ (ఆంధ్రలో అడంగల్), గ్రామ నక్షా తెప్పించి సర్వే నంబరు చూడండి. స్థలం పంచాయతీదా, దేవాదాయ శాఖదా, పట్టా భూమా తేలాలి. పట్టా అయితే యజమాని రాతపూర్వక సమ్మతి లేనిదే రూపాయి ఖర్చుపెట్టొద్దు. బావి రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఉంటే ఆ శాఖ అనుమతి లేకుండా రాయి కూడా కదపకూడదు. దగ్గర్లో కేంద్ర రక్షిత కట్టడం ఉంటే, దాని రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. బావి పక్కన షెడ్డు వేద్దామన్నా ఇదే లెక్క. ఇవి తేలాక గ్రామసభ తీర్మానం చేయించండి.

తర్వాత నమోదు. ప్రతి గోడకూ ఎదురుగా నిలబడి, కొలబద్ద కనిపించేలా ఫొటో తీయాలి. మెట్ల సంఖ్య, వెడల్పు, లోతు రాసుకోవాలి. శాసనం కనిపిస్తే అక్షరాలు తేలాలని సుద్ద, పిండి రుద్దొద్దు. రాత్రిపూట టార్చిలైటు పక్కవాటుగా పట్టి ఫొటో తీస్తే చక్కగా కనిపిస్తాయి. కాగితం అద్ది నకలు తీయడం తెలిసినవాళ్లకే వదిలేయండి.

నీళ్లు ఒక్కరోజులో తోడేయడం పెద్ద పొరపాటు. గోడ వెనక మట్టి నీటితో నానుంటుంది. లోపలి నీరు ఒక్కసారిగా పోతే ఎదురొత్తిడి లేక గోడ లోపలికి కూలుతుంది. కొంత తోడి, ఒక పూట ఆగి, బీటలు చూసుకుంటూ దించాలి. యంత్రాన్ని అంచుకు దూరంగా ఉంచండి. అడుగు పూడిక చేతులతోనే తీయించండి. ఏళ్లుగా మూసుకుపోయిన బావిలోకి గ్యాస్ మీటరుతో కొలవకుండా మనిషిని దించొద్దు. దీపం దించి చూడడం చాలదు: ఆక్సిజన్ తక్కువైతే దీపం ఆరుతుంది గానీ విషవాయువు సంగతి చెప్పదు. పూడికలో నాణేలు, విగ్రహాలు బయటపడితే ఉన్నచోటే ఫొటో తీసి, లోతు రాసి, తహసీల్దారు ద్వారా కలెక్టరుకు తెలపాలి. విలువ 10 రూపాయలు దాటిన నిధిని దాచడం 1878 నాటి చట్టం ప్రకారం నేరం.

గోడలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని పీకొద్దు, వేరుతో పాటు రాయి ఊడొస్తుంది. మొదలు నరికి, కోసినచోట వెంటనే కలుపుమందు పూసి, వేరు పూర్తిగా ఎండాకే సందు పూడ్చాలి.

పూడ్చేది డంగు సున్నంతోనే. కనీసం రెండు వారాలు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన మంచి ఇసుక మూడు పాళ్లు. నీరు తగిలేచోట ఇసుకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలుపుతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పాత మేస్త్రీల వాడుక. ముందు చిన్న ముక్క మీద పూసి, ఆరాక పగుళ్లు చూడండి. ఎర్రటెండలో పని పెట్టుకోవద్దు. తడి గోనెసంచులు కప్పి వారం పైగా తేమ నిలపాలి. సిమెంటు ఎందుకు వద్దంటే, అది గోడలోని తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమ రాతిలోంచి దారి వెతుక్కుంటుంది, వెంట వచ్చిన ఉప్పు రాతి ముఖాన్ని పొరలుగా రాలుస్తుంది.

చివరగా, నీళ్లు తేటపడిన బావిలో వినాయక నిమజ్జనం చేద్దామంటారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలకు వేరే తొట్టి కట్టించే ఖర్చును మొదటి తీర్మానంలోనే రాయించండి.