కిట్ బీరు పల్చగా వస్తుంటే

ఇంట్లో బీరు చేసుకోవడానికి బ్రిటన్‌లో దొరికే 1.7 కిలోల మాల్ట్ (మొలకెత్తిన బార్లీ పాకం) డబ్బాల మీద సాధారణంగా కిలో పంచదార కలిపి 23 లీటర్లు చేయమని ఉంటుంది. పంచదార మొత్తం ఆల్కహాల్‌గా మారిపోతుంది, నోటికి తగిలే చిక్కదనమేమీ మిగలదు. అందుకే నేను దాని బదులు కిలో లైట్ డ్రై మాల్ట్ (అదే పాకం ఎండబెట్టిన పొడి) వేసి, 20 లీటర్ల దగ్గర ఆపేస్తాను. ఆ పొడిని ముందు చల్లటి నీళ్లలోనే కలపాలి. ఆవిరి తగిలిందా, గరిటెకు బంకలా పట్టేస్తుంది.

చేదు డబ్బాలోనే ఉంటుంది, దాన్ని మరిగించక్కర్లేదు. తక్కువయ్యేది సువాసన. పులియడం నెమ్మదించాక 40 గ్రాముల కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) వేసి నాలుగు రోజులు ఉంచితే చాలు.

అన్నిటికన్నా తేడా తెచ్చేది ఈస్ట్, అంటే పులియబెట్టే పొడి. డబ్బా మూత కింద వచ్చే చిన్న ఈస్ట్ పొట్లం పక్కన పెట్టి, 11 గ్రాముల ఏల్ ఈస్ట్ (ఏల్ రకం బీరుకు వాడేది) వాడండి. వేడి 18–20 డిగ్రీలు దాటనివ్వకండి, ముఖ్యంగా మొదటి మూడు రోజులు. దాటితే ఘాటైన స్పిరిట్ వాసన వస్తుంది, అది తర్వాత పోదు.

హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే సీసాలకెత్తాలి. సీసాలో నురగ రావడానికి లీటరుకు 6 గ్రాముల పంచదార సరిపోతుంది. పులియడం ఆగకముందే తొందరపడితే గ్యాస్ ఒత్తిడికి సీసాలు పగులుతాయి.