సొంత విమానం కరెంటు పని - 5వ పాఠం: అరిగిన కాంటాక్టర్లు మార్చడం

పోయిన పాఠంలో బ్యాటరీకి లోడ్ పరీక్ష చేశాం. బ్యాటరీ బాగానే ఉన్నా, స్టార్ట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ బద్ధకంగా తిరుగుతుంటే తర్వాత చూడాల్సింది కాంటాక్టర్లనే, అంటే చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటును కలిపి విడదీసే కరెంటు స్విచ్‌లను. కిట్ కొని సొంతంగా కట్టుకునే ఆర్వీ లాంటి చిన్న విమానాల్లో ఇవి రెండుంటాయి. బ్యాటరీని మొత్తం వైరింగ్‌కి కలిపేది మాస్టర్ కాంటాక్టర్. స్టార్టర్ మోటారుకి కరెంటు పంపేది స్టార్టర్ కాంటాక్టర్.

స్విచ్ వేయగానే 'టక్'మంటే కాంటాక్టర్ బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ చప్పుడు కాయిల్, అంటే కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగ చుట్ట, పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. లోపల రాగి బిళ్ల రెండు స్టడ్‌ల (లావు కేబుళ్లు బిగించే బోల్టుల) తలలను తాకి కరెంటును దాటిస్తుంది. కలిసి విడిపోయిన ప్రతిసారీ చిన్న మెరుపు పుట్టి, ఆ రాగి కాలి గుంటలు పడుతుంది. బయటి నుంచి అది కనబడదు, వోల్టులు కొలిచే మీటరుతోనే పట్టుకోవాలి.

పరీక్ష ఇలా. చక్రాలకు అడ్డాలు పెట్టి తోక కట్టేయండి. ఫ్యూయల్ సెలెక్టర్ ఆపి, మిక్స్చర్ (ఇంజిన్‌కు వెళ్లే ఇంధనం పాళ్లు మార్చే మీట) పూర్తిగా వెనక్కి లాగండి. అయినా ఇంజిన్ అంటుకోవచ్చనే అనుకుని, ప్రొపెల్లర్ దగ్గరకు ఎవరినీ రానివ్వకండి. మీటరుకు క్లిప్పులున్న పొడవాటి లీడ్లు వేసి స్టార్టర్ కాంటాక్టర్ రెండు స్టడ్‌లకు తగిలించి, కాక్‌పిట్‌లోకి తెచ్చుకోండి. ప్రొపెల్లర్ తిరుగుతుండగా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) దగ్గర నిలబడి మీటరు చూడటం ప్రాణాలతో చెలగాటం.

మాస్టర్ వేయగానే ముందు మీటరు దాదాపు 12 వోల్టులు చూపిస్తుంది. స్టార్టర్ తిప్పగానే అది సున్నా దగ్గరకు పడిపోవాలి. 0.2 వోల్టు లోపుంటే మంచిదే. అర వోల్టు నిలబడితే మార్చేయండి: 200 ఆంపియర్ల దగ్గర అర వోల్టంటే 100 వాట్ల వేడి, అదంతా ఆ చిన్న డబ్బాలోనే. మాస్టర్‌కీ ఇదే పరీక్ష. 'టకటకటక' అని కొట్టుకుంటుంటే మాత్రం కాంటాక్టర్‌ను తిట్టకండి. బ్యాటరీ నీరసంగా ఉన్నా, ఎర్త్ వదులైనా అలాగే జరుగుతుంది. అయితే ఆ కొట్టుకోవడంలోనే కాంటాక్టులు, అంటే లోపల తాకే ఆ రాగి ముఖాలు, అతుక్కుపోవచ్చు. అప్పుడు బటన్ వదిలినా స్టార్టర్ ఆగదు, మాస్టర్ ఆపాల్సిందే.

కొత్తది కొనేటప్పుడు జాగ్రత్త. రెండు రకాలూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మాస్టర్ గంటల తరబడి ఆన్‌లో ఉండేది, స్టార్టర్‌ది కొన్ని సెకన్ల పని. మీటరుతో కాయిల్ నిరోధం కొలిస్తే తేడా తెలిసిపోతుంది. మాస్టర్ రకం సుమారు 15 ఓములు, అంటే 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు కూడా లాగదు. స్టార్టర్ రకం 4 ఓముల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి 3 ఆంపియర్లు లాగుతుంది. దీన్ని మాస్టర్ స్థానంలో బిగిస్తే కాయిల్ కాలిపోతుంది, అదీ గాల్లో ఉండగా.

విప్పే ముందు ఫోటో తీసి, ప్రతి వైరుకూ చీటీ కట్టండి. మొదట బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీయాలి, చివర్లో అదే ఆఖరున వేయాలి. లేకపోతే పాజిటివ్ మీద ఉన్న స్పానర్ ఫైర్‌వాల్‌ను తాకితే వెల్డింగే. స్టడ్‌పై నట్ తిప్పేటప్పుడు కింది నట్‌ను రెండో స్పానర్‌తో పట్టుకోవాలి. స్టడ్ తిరిగితే లోపల దాని తల పక్కకు జరిగి, బిళ్ల సరిగ్గా కూర్చోదు. కొత్త కాంటాక్టర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం. రాగి స్టడ్ మెత్తనిది, తయారీదారు చెప్పిన టార్క్ (బిగింపు బలం) దాటకండి.

మూడు టెర్మినళ్ల మాస్టర్‌లో కాయిల్ ఒక కొస లోపలే బ్యాటరీ స్టడ్‌కు కలిసి ఉంటుంది. కేబుళ్లు తారుమారైతే అసలు 'టక్' అనదు. స్టార్టర్ కాంటాక్టర్‌కు కాయిల్ ఎర్త్ సాధారణంగా దాని పాదం ద్వారానే. కాబట్టి ఫైర్‌వాల్ మీద ఆ చోట పెయింట్ గీకేయండి. లాంగ్-ఈజీ లాంటి ఫైబర్‌గ్లాస్ విమానాలకైతే పాదం నుంచి విడిగా ఎర్త్ వైరు లాగాలి.

ప్రతి కాయిల్‌కూ డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే చిన్న భాగం) వేయండి, 1ఎన్4005 రకం చాలు. కాయిల్ ఆగేటప్పుడు వందల వోల్టుల తన్ను తంతుంది, డయోడ్ లేకపోతే అది స్విచ్ కాంటాక్టులను కాల్చేస్తుంది. మాస్టర్‌కు డయోడ్ మీద గీత ఉన్న కొస బ్యాటరీ స్టడ్ వైపు, రెండో కొస చిన్న టెర్మినల్‌కు. స్టార్టర్‌కు గీత 'ఎస్' టెర్మినల్ (బటన్ నుంచి వైరు వచ్చేది) వైపు, రెండో కొస పాదానికి. తిరగేస్తే స్విచ్ వేసిన క్షణమే షార్ట్. స్టార్టర్ కాంటాక్టర్‌కు 'ఐ' టెర్మినల్ (కాంటాక్టులు కలిసినప్పుడు కరెంటు వచ్చేది) ఉంటే ప్యానెల్‌లో చిన్న లైటుకు కలపండి. కాంటాక్టులు అతుక్కుంటే, బటన్ వదిలాక కూడా ఆ లైటు వెలుగుతూనే ఉండి చెప్పేస్తుంది.

బిగించాక మళ్లీ వోల్టేజి పరీక్ష చేసి, ఆ అంకెను లాగ్‌బుక్‌లో రాయండి. అమెరికాలో సొంతంగా కట్టుకున్న (ఎక్స్‌పెరిమెంటల్) విమానానికి ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు, కానీ ఏడాది తనిఖీకి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఉన్నవారో, ఏ అండ్ పీ (విమానం బాడీ, ఇంజిన్ రెండిటికీ లైసెన్సున్న) మెకానిక్కో సంతకం పెట్టాలి. వాళ్లు ముందు అడిగేది ఆ పుస్తకాన్నే.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఇదే పద్ధతిలో బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి ఇంజిన్ క్రాంక్‌కేస్ దాకా ఎంత వోల్టేజి పడుతోందో కొలిచి ఉంచుకోండి. ఎర్త్ కేబుళ్ల సంగతి అక్కడి నుంచి మొదలుపెడదాం.