సెకండ్ హ్యాండ్ ఓపెన్ టాప్ కారు కొంటున్నారా? మీటర్ సంగతి తర్వాత, ముందు టాప్ చూడండి

బెంగళూరులో బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే లాంటి రెండు డోర్ల కన్వర్టిబుల్ (టాప్ తెరుచుకునే కారు) అమ్మకానికుందంటే అందరూ మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. ఇలాంటి బండ్లు ఎక్కువగా ఆదివారం పొద్దున నందిహిల్స్ దాకా వెళ్లొచ్చి వారమంతా కవర్ కింద ఉంటాయి కాబట్టి మీటర్ ఎలాగూ తక్కువే చూపిస్తుంది. మీరు చూడాల్సింది టాప్.

2009లో వచ్చిన జెడ్4లో అల్యూమినియం టాప్ రెండు ముక్కలుగా మడుచుకుని దాదాపు 20 సెకన్లలో డిక్కీలోకి దిగుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి చల్లగా ఉన్నప్పుడోసారి, ఎండలో తిరిగొచ్చాక ఇంకోసారి, ఓనర్ చేత కాకుండా మీరే బటన్ నొక్కండి. మధ్యలో ఆగినా, ఒక పక్క వెనకబడినా పంపు, సెన్సర్ల ఖర్చు ధరలో తగ్గించమనండి. అసలు కదలకపోతే మాత్రం ముందు డిక్కీలో లగేజీ అడ్డుతెర సరిగ్గా పడిందో లేదో చూడండి, అది పడకపోయినా టాప్ మొరాయిస్తుంది.

తర్వాత టాప్ మూసి, అద్దాల అంచుల మీద రెండు బకెట్ల నీళ్లు పోయించండి. ఓనర్ మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. టాప్ చుట్టూ పడ్డ నీళ్లు కిందికి పోయే సన్నటి గొట్టాలుంటాయి, ఈ ఊళ్లో చెట్ల కింద పార్క్ చేసీ చేసీ అవి ఆకులతో మూసుకుపోతే తడంతా లోపలికే దిగుతుంది. మ్యాట్లు ఎత్తి తడిమి చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే అది లీకు కావచ్చు, 2022 సెప్టెంబర్ వరదల్లో బెళ్లందూరు వైపు మునిగిన బండే కావచ్చు, అందుకే సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకలు, సీటు కింద పట్టాల మీద తుప్పు కూడా చూడాలి. కారు నిండా సెంటు కొట్టి తెచ్చారంటే ఇంకా గట్టిగా చూడండి.

మన హంపులకు కింద గీసుకోని స్పోర్ట్స్ కారు ఉండదు, గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడండి. టైర్ల వయసూ చూడండి, మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఈ జెడ్4లో రన్‌ఫ్లాట్ టైర్లే (పంక్చరైనా కొంత దూరం నడిచేవి), స్టెప్నీ రాదు, నాలుగూ మార్చాలంటే జేబు చిల్లే.

ఇక కాగితాలు. ఆంధ్రా, తెలంగాణ, పుదుచ్చేరి నంబరు బండి చవగ్గా వస్తోందని ఎగబడకండి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే కర్ణాటక నంబరు వేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అది దేశంలోనే భారీ పన్నుల్లో ఒకటి, పాత రాష్ట్రం నుంచి రీఫండ్ తెచ్చుకోవడమేమో పెద్ద ప్రహసనం. ఆ లెక్క వేశాకే బేరం మొదలుపెట్టండి. బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ ఉండి తీరితే ఆ సంగతి చెప్పే ఫారం 35 తీసుకోండి. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఇన్సూరెన్స్ మాత్రం 14 రోజుల్లోపు మీ పేరుకు మార్పించుకోవాలి, ఆలస్యం చేసి ఎక్కడైనా గుద్దుకుంటే సొంత డ్యామేజీ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.